పాత కాలేజీ గ్రేడ్లు వెంట వస్తాయా?

ప్రశ్న: 2011 నుంచి 2013 దాకా టెక్సస్‌లోని ఒక యూనివర్సిటీలో 40 క్రెడిట్లు చదివి మానేశాను. బి గ్రేడ్లు 16 క్రెడిట్లకు, సి 6కి, డి 12కి, ఎఫ్ 6కి. జీపీఏ (ఎ 4, బి 3, సి 2, డి 1, ఎఫ్ 0 లెక్కన తీసిన గ్రేడ్ల సగటు) 1.8. ఇప్పుడు ఇక్కడే మరో యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేయాలనుకుంటున్నాను. డి వచ్చిన కోర్సులు పనికొస్తాయా? అసలు పాత కాలేజీ ఊసే ఎత్తకుండా కొత్తగా చేరితే ఏమవుతుంది?

జవాబు: ఆ ఆలోచన మానుకోండి. అంతకుముందు చదివిన కాలేజీలన్నీ చూపించానని దరఖాస్తులో సంతకం చేయించుకుంటారు. మీరు ఎక్కడ, ఎప్పుడు చేరారో నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ రికార్డుల్లో యూనివర్సిటీలు చూసుకోగలవు. దాచినట్టు తేలితే సీటు పోతుంది. డిగ్రీ చేతికొచ్చాక తేలినా పట్టా రద్దు కావచ్చు.

క్రెడిట్లు బదిలీ కావడమంటే ఒక్క ఆఫీసు చేసే పని కాదు. మిమ్మల్ని చేర్చుకోవాలా వద్దా అన్నది అడ్మిషన్స్ వాళ్లు మొత్తం జీపీఏ చూసి తేలుస్తారు. ఏ కోర్సుకు క్రెడిట్ ఇవ్వాలో సాధారణంగా రిజిస్ట్రార్ ఆఫీసు చూస్తుంది. ఆ క్రెడిట్ మీ మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) పనికొస్తుందా, లేక ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) మిగిలిపోతుందా అన్నది డిపార్ట్‌మెంట్ మాట. చాలామంది రెండో మెట్టు దగ్గరే సంబరపడి, మూడో మెట్టు దగ్గర దెబ్బతింటారు.

సాధారణంగా ఒక్కో కోర్సులో సి, అంటే 2.0, ఉంటేనే క్రెడిట్ వస్తుంది. కొన్ని చోట్ల డి కూడా తీసుకుంటారు గానీ, మేజర్‌కు లెక్కపెట్టరు. ఎఫ్‌కు ఎక్కడా క్రెడిట్ ఉండదు. కాబట్టి మీకు ధైర్యంగా లెక్కవేసుకోదగ్గవి 22 క్రెడిట్లు. వేరే కాలేజీకి వెళ్తే మామూలుగా క్రెడిట్లే వస్తాయి, గ్రేడ్లు రావు. అక్కడ మీ జీపీఏ కొత్తగా మొదలవుతుంది. అయితే చేర్చుకునేటప్పుడు మాత్రం పాత ఎఫ్‌లతో సహా అన్నీ చూస్తారు. మీకు అడ్డంకి అదే.

దానికి దారి కమ్యూనిటీ కాలేజీ, అంటే డిగ్రీలో మొదటి రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక కాలేజీ. మీ లెక్క చూడండి: 40 క్రెడిట్లకు 1.8 అంటే 72 గ్రేడ్ పాయింట్లు. ఇంకో 24 క్రెడిట్లు అన్నీ బి గ్రేడుతో చేస్తే మరో 72 కలిసి, 144ను 64తో భాగిస్తే 2.25. అన్నీ ఎ వస్తే 168ని 64తో భాగించాలి, 2.62 దాటుతుంది. మీరు చేరబోయే యూనివర్సిటీ 2.5 అడిగితే, అన్నీ ఎ అయినా 19 క్రెడిట్లు కావాలి. అన్నీ బి అయితే 56 పడతాయి. అందుకే హడావుడిగా ఐదు కోర్సులు తీసుకుని బి తెచ్చుకోవడం కన్నా, మూడే తీసుకుని ఎ తెచ్చుకోవడం మేలు.

ఫెయిలయిన కోర్సునే వేరే కాలేజీలో మళ్లీ చదివితే పాత ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కోర్సులు, గ్రేడ్ల రికార్డులో) ఎఫ్ అలాగే ఉంటుంది. గ్రేడు మార్పిడి సాధారణంగా చదివిన చోటే మళ్లీ చదివితేనే దొరుకుతుంది.

మీ రాష్ట్రంలో అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అనే చట్టం ఉంది. టెక్సస్ నివాసి అయి, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీకి దరఖాస్తు చేస్తే, చేరేనాటికి పదేళ్లు దాటిన కోర్సులేవీ చూడొద్దని కోరవచ్చు. ఇందులో బేరం లేదు. ఎఫ్‌లతో పాటు మీ బి గ్రేడ్ల క్రెడిట్లూ పోతాయి, ఏరుకోవడం కుదరదు. మీరైతే ఆ 22 క్రెడిట్లు, అంటే దాదాపు ఒకటిన్నర సెమిస్టర్ చదువు వదులుకున్నట్టే. నా సలహా కమ్యూనిటీ కాలేజీ దారే. కార్డు నిండా ఎఫ్‌లే ఉన్నవాళ్లకు ఈ చట్టం వరం. ఫెడరల్ ఆర్థిక సాయం లెక్కల్లో మాత్రం ఇలాంటి మాఫీ లేదు. మెడికల్ స్కూల్ దరఖాస్తులు చూసే ఏఎంసీఏఎస్ కూడా పాత గ్రేడ్లన్నీ కలిపే లెక్కేస్తుంది.

ప్రశ్న: క్వార్టర్ పద్ధతి కాలేజీలో (ఏడాది చదువును రెండు సెమిస్టర్లకు బదులు మూడు క్వార్టర్లుగా పంచే చోట) 5 క్రెడిట్ల కాల్‌క్యులస్‌లో సి మైనస్ వచ్చింది. సెమిస్టర్ కాలేజీలో అది 3.33 అవుతుందంటున్నారు. అక్కడి కోర్సు 4 క్రెడిట్లది. మళ్లీ చదవాలా?

జవాబు: క్వార్టర్ క్రెడిట్‌ను మూడింట రెండు వంతులు చేస్తారు, 3.33 లెక్క సరైనదే. తగ్గిన ఆ 0.67 పెద్ద సమస్య కాదు. కోర్సు సమానమేనని డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే ఆ సబ్జెక్ట్ తీరినట్టే, మిగతా భాగం ఏదైనా ఎలెక్టివ్‌తో పూడ్చుకోవచ్చు. మిమ్మల్ని ఆపేది ఆ మైనస్. సి మైనస్ అంటే చాలా చోట్ల 1.7, కాబట్టి 2.0 అడిగేచోట చెల్లదు.

ఇంకో చిక్కు ఉంది. క్వార్టర్ పద్ధతిలో మూడు కోర్సులుగా చెప్పేది సెమిస్టర్ పద్ధతిలో తరచూ రెండింట్లో అయిపోతుంది. మధ్యలో మారితే కొన్ని పాఠాలు అటూ ఇటూ కాకుండా పోతాయి. వీలైతే మూడూ అక్కడే ముగించి కదలండి.

క్రెడిట్ ఇవ్వనంటే, లేదా ఎలెక్టివ్‌గా పడేస్తే, పిటిషన్ పెట్టండి. దానికి మీరు చదివిన సెమిస్టర్‌నాటి సిలబస్ కావాలి, ఇప్పటిది కాదు. వారాలవారీ పాఠాలు, పాఠ్యపుస్తకం పేరు అందులో ఉండాలి. దగ్గర లేకపోతే పాత డిపార్ట్‌మెంట్‌కు కోర్సు నంబరు, సెమిస్టర్ రాసి అడగండి. కేటలాగ్‌లోని రెండు లైన్ల వివరణతో పిటిషన్ నెగ్గడం కష్టం. నర్సింగ్ లాంటి చోట్ల మంచి గ్రేడున్న సైన్స్ కోర్సుకూ కాలపరిమితి పెడతారు, అదీ ముందే కనుక్కోండి.

ప్రశ్న: పాత కాలేజీకి ఫీజు బాకీ ఉన్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తారా?

జవాబు: రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 2020 నుంచి బాకీ సాకుతో ట్రాన్స్‌క్రిప్ట్ ఆపకూడదని చట్టం. ఇలాంటి చట్టం లేని చోట్ల వాయిదాల ఒప్పందం రాసుకుంటే ఇచ్చేవాళ్లున్నారు, రిజిస్ట్రార్‌ను కాకుండా ఫీజులు చూసే ఆఫీసును అడగండి. ఈలోపు మీ స్టూడెంట్ లాగిన్ తెరుచుకుంటే అనధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ దింపుకుని కొత్త కాలేజీ అడ్వైజర్‌కు చూపించండి. ఎన్ని క్రెడిట్లు నిలుస్తాయో తెలిశాకే, ఆ బాకీ తీర్చడం గిట్టుబాటో కాదో చూసుకోవచ్చు.