పిక్కల నొప్పికి కొలెస్ట్రాల్ మాత్రే కారణమా?

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. బీసెంట్ రోడ్డు దాకా నడిస్తే పిక్కలు లాగుతున్నాయంటారు. ఇలాంటి మాత్ర ఒకటి మనుషుల ప్రాణాలు తీస్తోందని ఎప్పుడో ఆపేశారట, మా మరిది చెప్పాడు. అప్పట్నుంచీ టెన్షన్. మాన్పించనా? – ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ మరిది చెప్పింది నిజమేనమ్మా. అది సెరివాస్టాటిన్. 2001 ఆగస్టులో బేయర్ కంపెనీయే వెనక్కి తీసుకుంది. కొందరిలో కండరాల కణాలు చితికి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో చేరి కిడ్నీలు పాడయ్యేవి. పెద్ద మోతాదులో వాడినా, జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో కొవ్వు తగ్గించే మందుతో కలిపినా ముప్పు బాగా పెరిగేది. అటోర్వాస్టాటిన్‌దీ అదే కుటుంబం, కానీ అంతటి దెబ్బ దీనితో చాలా అరుదు. మీ అంతట మీరు మాన్పించకండి.

నాకు అనుమానం వేరే ఉంది. నడిస్తే లాగి, ఆగితే తగ్గుతోందా? అయితే కొవ్వు పేరుకుని కాళ్ల రక్తనాళాలు సన్నబడ్డాయేమో చూడాలి. అదే అయితే ఈ మాత్ర ఇంకా అవసరం! డాక్టరుకు చూపించి కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్ష గురించి అడగండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్స్‌లో క్లారిత్రోమైసిన్ అటోర్వాస్టాటిన్‌తో పడదు. (ఆ అలవాటు మనవాళ్లకి ఎప్పుడు పోతుందో!) ఒళ్లంతా నొప్పులు, నీరసంతో మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే మాత్రం ఆ రోజు మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.