నాకు అన్నిటికన్నా ఇష్టమైన వీడియో గేమ్

ప్రశ్న: మీరు ఆడిన వీడియో గేముల్లో ఎప్పటికీ మీకు నచ్చేది ఏది? ఎందుకు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిస్సందేహంగా టెట్రిస్. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్ దీన్ని రూపొందించారు. ఆయన వాడిన ఎలక్ట్రానికా 60 అనే సోవియట్ కంప్యూటర్లో బొమ్మలు చూపే వీలు లేకపోవడంతో, పడే ముక్కలను బ్రాకెట్ గుర్తులతోనే తెరమీద చూపించారు. మన తిరునాళ్లలో అమ్మిన చేతి బ్రిక్ గేమ్ గుర్తున్నవారికి ఈ ఆట పరిచితమే. పైనుంచి ఒక్కొక్కటిగా పడే నాలుగేసి గడుల ముక్కలు ఏడు రకాలు; వాటిని సందుల్లేకుండా పేర్చాలి. అడ్డవరుస నిండితే మాయమవుతుంది, నిండకపోతే గుట్ట పెరుగుతుంది. అంచున ఒక్క నిలువు సందు వదిలి, నాలుగు వరుసలూ జాగ్రత్తగా పేర్చుకొని, పొడవాటి కడ్డీ కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసి, అది రాగానే ఆ నాలుగింటినీ ఒక్కసారిగా తుడిచిపెట్టడంలో ఉన్న తృప్తి నాకు మరే ఆటలోనూ దొరకలేదు.