చిట్టికి, కీ తిప్పే ముందు

చిట్టీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఏరా, నీ మేనకోడలు కారు ఇంజన్ విప్పుతుందట. అప్పు చేసి అమెరికా పంపింది ఇందుకేనా?" అని నా మీద విరుచుకుపడింది. వేసవి సెలవులకి వచ్చినప్పుడల్లా నిన్ను షెడ్డులో కూర్చోబెట్టి పదో నంబరు, పన్నెండో నంబరు పానాలు వేరు చేయించింది నేనే కాబట్టి, తప్పంతా నాదేనట. "మాన్పిస్తాలే అక్కా" అన్నాను. ఫోన్ పెట్టేసి మీ అత్తయ్యతో "మన చిట్టి టైమింగ్ బెల్టు మారుస్తోందట" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి "విన్నానండీ, చెవుడు లేదు నాకు" అని విసుక్కుంది.

మాన్పించను. కానీ నాకు నిద్ర పట్టడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన మాన్యువల్ పేజీలు జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, రెండు రోజులు కూర్చుని చదివాను. నీ హోండా ఒడిస్సీ లాంటి బండి మీద నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. అయితే ఒకప్పుడు హోండా అకార్డ్ వీ6 ఒకటి మన షెడ్డుకి వచ్చింది. ఇంజన్ ఆ కుటుంబానిదే. బొమ్మలు చూడగానే గుర్తుపట్టాను.

ముందు ఒక సంగతి. లక్షా అయిదు వేల మైళ్లు లేదా ఏడేళ్లు, ఏది ముందైతే అప్పుడు బెల్టు మార్చాలని ఆ ఇంజన్‌కి ఒక లెక్కుంది. ఎప్పుడూ 43 డిగ్రీలు దాటే ఎండలో తిరిగే బండికైతే 60,000 మైళ్లకే. బెజవాడ మే నెలలో ఆ లెక్క ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. నీ బండి తొంభై ఆరు వేల మైళ్లే తిరిగిందని నువ్వు నిబ్బరంగా ఉన్నావు. మైళ్లు కాదమ్మా, ఏళ్లు చూడు. అది 2010 బండి. నీకు అమ్మినవాడు బెల్టు మార్చిన రసీదు ఇవ్వలేదంటే మార్చలేదనే లెక్క. రబ్బరుకి వయసు రావడానికి బండి తిరగక్కర్లేదు, ఇంటి ముందు నిలబడి ఉన్నా వస్తుంది.

బెల్టు తెగితే ఏమవుతుందని మీ ఆయన అడిగాడన్నావు. ఇలా చెప్పు. మన అమ్మమ్మ ఇంట్లో ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో పోటు వేసేవాళ్లు, చూశావుగా. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది దిగాలి. పిస్టన్లు, వాల్వులు అంతే. ఆ వరస తప్పకుండా చూసేది బెల్టు. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకు, వాల్వుల్ని తెరిచే ఇరుసు క్యాము. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు. బెల్టు తెగిందా, రోకలీ రోకలీ కొట్టుకుంటాయి. వాల్వులు వంగిపోతాయి, ఇంజన్ పై భాగం, ఆ హెడ్డు, దించాల్సిందే. బండి ఆగిపోవడం కాదు, ఇంజన్ పోవడం. నీ ఇంజన్ ఆ రకమే.

ఇప్పుడు అసలు నా భయం. బెల్టు కాదు, జాకీ.

నా ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉందేమిటని నువ్వు చిన్నప్పుడు అడిగితే కాకి ఎత్తుకుపోయిందని చెప్పాను. చాన్నాళ్లు నమ్మావు కూడా, కాకులకి అన్నం పెట్టనని మొండికేశావు. కాకి కాదే పిచ్చిదానా, జాకీ. రెండు నిమిషాల పనే కదా అని స్టాండు పెట్టకుండా చెయ్యి లోపలికి పెట్టాను. జాకీ పక్కకి ఒరిగింది. వేలుతో పోయింది. తల పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

అందుకని విను. బండితో వచ్చే ఆ చిన్న జాకీ టైరు మార్చడానికే, దీనికి కాదు. గట్టి నేల మీద పని చెయ్యి, గ్యారేజీ ముందు ఏటవాలు ఉంటే వద్దు. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టు. బండి లేపగానే స్టాండు పెట్టి, బరువు దాని మీదకి దింపి, రెండు చేతులతో బండిని ఊపి చూడు. ఊగితే మళ్లీ పెట్టు. తీసిన చక్రాన్ని కూడా బండి కిందే పడుకోబెట్టు, అదో అడ్డు. ఒక్కదానివే ఉన్నప్పుడు మాత్రం పని మొదలుపెట్టకు. మీ ఆయనకి నైట్ షిఫ్ట్ అయితే ఇంకో శనివారం చేసుకో. అతనికి పానా పట్టడం రాకపోయినా ఫరవాలేదు, కుర్చీ వేసుకుని కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుంటే చాలు. జుట్టు ముడేసుకో. ఆ మెడలో వేలాడే ఇయర్‌ఫోన్లు తీసెయ్.

ఇక పని. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసెయ్. నీ బండికి బెల్టు ఉండేది అక్కడి ప్యాసింజర్ వైపు, అంటే మన దగ్గర డ్రైవర్ కూర్చునే వైపు. ఆ చక్రం, లోపలి ప్లాస్టిక్ కవరు, బయటి బెల్టు తీయడం నీకు నేను చెప్పాలా.

క్రాంకు పుల్లీ బోల్టు మాత్రం చుక్కలు చూపిస్తుంది. పంతొమ్మిదో నంబరు. పుల్లీ తిరక్కుండా పట్టుకోవడానికి 50 మిల్లీమీటర్ల ఆరు పలకల పనిముట్టు అద్దెకో కొనుక్కునో తెచ్చుకో. పొడవాటి రాడ్డు వేసి మెల్లగా బరువు పెట్టు, తన్నకు. రాడ్డుని నేలకి ఆనించి స్టార్టర్ ఒకసారి కొడితే ఊడొస్తుందని కొందరు వీడియోల్లో చూపిస్తారు. చూసి నవ్వుకో, చేయకు. ఆ రాడ్డు ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలియదు. తిరిగి బిగించేటప్పుడు నీ బండి సంవత్సరానికి మాన్యువల్లో ఉన్న టార్కే, అంటే బిగింపు లెక్కే, పెట్టు. పాత బళ్లకి ఒక లెక్క, తర్వాత వచ్చినవాటికి ఇంకో లెక్క, ఎవరో చెప్పిన అంకె పట్టుకోకు.

బోల్టు వదులయ్యాక, దాన్ని ఊడదీయకుండానే, క్రాంకు, రెండు క్యాములు మార్కులకి, అంటే కలవాల్సిన గీతలకి, తెచ్చుకో. తెల్ల పెయింటుతో నీ సొంత గీతలు కూడా పెట్టుకో, ఫోటోలు తీసుకో. ఆ వైపు ఇంజన్ మౌంటింగ్ విప్పాలి కాబట్టి ఆయిల్ పాన్ కింద చెక్క పెట్టి జాకీతో ఆనించు. ఆనించాలి, ఎత్తకూడదు.

బ్యాటరీ బిగించే పొడవు బోల్టు ఒకదాని కొస అరగదీసి, దాన్ని బిగించి బెల్టు అడ్జస్టర్ కదలకుండా పట్టుకోమని హోండా వాళ్లే రాశారు చూశావా? చదివి నాలో నేనే నవ్వుకున్నాను. మన ఆటోనగర్ తెలివి వాళ్లకీ ఉంది.

బెల్టు తీయగానే వెనక క్యాము టక్కుమని తిరుగుతుంది. కంగారు పడకు. వాల్వు స్ప్రింగులు నెట్టడం వల్ల అది. అకార్డ్‌కి అలా తిరిగినప్పుడు నా గుండె జారిపోయింది, పక్కన ఉన్న కుర్రాడి ముందు ఏమీ కానట్టు బీడీ వెలిగించాను. పానా పెట్టి నెమ్మదిగా మార్కుకి తెచ్చుకో. గట్టిగా తగులుతుంటే బలవంతం వద్దు, ఆగి చూడు. బెల్టు లేనప్పుడు క్రాంకుని మాత్రం తిప్పకు.

ఇప్పుడు నీ మెసేజ్‌లో నన్ను నిద్ర పోనివ్వని ముక్కకి వస్తాను. "మావయ్యా, బెల్టూ వాటర్ పంపూ మారుస్తా. టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు బాగానే ఉన్నట్టున్నాయి, చూసి నిర్ణయిస్తా" అన్నావు. బెల్టుని బిగువుగా, దారి తప్పకుండా ఉంచే చక్రాల బేరింగుల మాట అది.

ఈ మాటే నేనూ అన్నాను, 2003లో.

నూజివీడు కుర్రాడు ఒకడు ఇండికా డీజిల్ కొని ట్యాక్సీ తిప్పేవాడు. ఫైనాన్స్ బండి. వాయిదా కట్టాకే ఇంట్లోకి బియ్యం అన్నట్టు ఉండేది వాడి బతుకు. నేను అంతకుముందంతా అంబాసిడర్లు, లారీల మీద పెరిగినవాణ్ణి. గొలుసు, గేర్లు తెలుసు, ఈ రబ్బరు బెల్టుల మీద నాకు చిన్నచూపు. ఇండికాకి ఆ బెల్టే క్యామునీ తిప్పుతుంది, డీజిల్ పంపునీ తిప్పుతుంది. వాడి బండికి బెల్టు మార్చే రోజు వాడు పక్కనే నిలబడి, "మేస్త్రీ, ఆ బేరింగ్ కూడా మార్చాలా?" అని అడిగాడు. బేరింగ్ మూడొందలు ఎంతో ఉండేది. వాడి జేబు నాకు తెలుసు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పాను. చప్పుడు లేదు. నలుగురూ చూస్తున్నారు, పెద్ద మేస్త్రిని. "ఇంకో లక్ష తిరుగుద్దిరా, పో" అన్నాను.

వేలితో తిప్పితే ఏం తెలుస్తుంది చిట్టీ? లోపలి గ్రీజు ఎండిపోయిందో లేదో వేలికి తెలియదు. ఇంజన్ వేడిలో, బెల్టు బిగువులో, నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు తెలుస్తుంది.

అయిదు నెలలకి మంగళగిరి దాటాక రోడ్డు మీద ఆగిపోయింది. బండిలో పెళ్లివాళ్లు. వాళ్లని వేరే బండి ఎక్కించి, వాడు లారీకి కట్టించుకుని లాక్కొచ్చాడు. కవరు తీయగానే నాకు తెలిసిపోయింది. బేరింగ్ పట్టేసి నీలం రంగుకి తిరిగింది, బెల్టు అంచు మాడి పళ్లు ఊడి ఉన్నాయి. హెడ్డు దించితే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంకర.

పొరపాటు అందరూ చేస్తారు. నేను ఆ తర్వాత చేసినదే చెప్పుకోలేనిది. బేరింగ్ తీసి లుంగీ మడతలో పెట్టుకున్నాను. వాడు టీ తీసుకుని వచ్చేసరికి పళ్లు ఊడిన బెల్టు చేతికిచ్చి, "నకిలీ సరుకురా, బెల్టు మోసం చేసింది" అన్నాను. వాడు నమ్మాడు. నేను చెప్తే నమ్మకపోవడమేమిటి? మజూరీ తీసుకోనని గొప్పగా చెప్పాను. "నీ మేలు మర్చిపోను మేస్త్రీ" అని చేతులు పట్టుకున్నాడు. సామాన్ల డబ్బుకి పెళ్లాం మెళ్లో గొలుసు తాకట్టు పెట్టాడని తర్వాత తెలిసింది.

ప్రతి వేసవిలో మనింటికి నూజివీడు నుంచి బుట్టెడు రసాలు వచ్చేవి గుర్తున్నాయా? నువ్వు గౌనంతా పసుపు చేసుకుని తినేదానివి. పంపేది వాడే. ఇప్పటికీ పంపుతున్నాడు. మావయ్యకి మామిడిపండు పడదని ఇంట్లో అందరూ అనుకుంటారు.

మీ అత్తయ్యకి కూడా ఈ సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత నుంచే నా షెడ్డులో తీసిన ప్రతి పాత సామానూ అట్టపెట్టెలో వేసి బండివాడికి చూపించి ఇవ్వడం మొదలుపెట్టాను. నిజాయితీపరుడని పేరొచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిన నిజాయితీయో నాకు తెలుసు.

కాబట్టి నువ్వేమీ చూడక్కర్లేదు, నిర్ణయించక్కర్లేదు. ఐసిన్ కంపెనీ కిట్ అన్నావు కదా, మంచిదే, నమ్మకమైన చోటే కొను. అందులో బెల్టు, వాటర్ పంపు, టెన్షనర్, బేరింగులు అన్నీ వస్తాయి. అన్నీ వేసెయ్. ఆ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే, రేపు అది కారినా మళ్లీ ఇంత పనీ చేయాలి. పంపు బోల్టులు చిన్నవి, అల్యూమినియంలోకి వెళ్తాయి, మోజు కొద్దీ బిగించకు. కూలెంట్ హోండా వాళ్ల నీలం రంగుదే పొయ్యి.

బెల్టు ఎక్కించే వరస: క్రాంకు, ఐడ్లర్, ముందు క్యాము, వాటర్ పంపు, వెనక క్యాము, చివరికి అడ్జస్టర్ పుల్లీ. కొత్త బెల్టుని మడత పెట్టకు, నూనె చేతులతో ముట్టుకోకు. అన్ని మార్కులూ కలిశాకే టెన్షనర్ పిన్ను లాగు. పిన్ను లాగగానే వదులంతా ఒకవైపుకి లాక్కుంటుంది, అప్పుడే ఒక పన్ను జరిగే ప్రమాదం. అందుకని పానా పెట్టి చేత్తో క్రాంకుని గడియారం తిరిగే వైపు ఆరు చుట్లు తిప్పు. మెల్లగా. ఎక్కడైనా గట్టిగా తగిలిందా, అక్కడే ఆగిపో, ఆ తగిలేది వాల్వు. మళ్లీ మార్కులు చూడు. ఒక్క పన్ను తేడా ఉన్నా మొత్తం విప్పు. రాత్రయిందని, ఆకలేస్తోందని, సోమవారం ఆఫీసుందని సరిపెట్టుకోకు. అవసరమైతే క్యాబ్‌లో వెళ్లు ఆఫీసుకి.

కీ తిప్పే ముందు మాత్రం నాకు వీడియో కాల్ చెయ్యి. మార్కులు దగ్గరగా చూపించు. మీ శనివారం పొద్దున పదింటికి మాకు రాత్రి ఎనిమిదిన్నర. నువ్వు పూర్తిచేసేసరికి ఇక్కడ తెల్లవారుజామవుతుంది, ఫరవాలేదు, నేను మేలుకునే ఉంటాను. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాను అప్పుడే. మీ అమ్మని ఆ రోజు గుడికి పంపించేస్తా.

తీసిన పాత టెన్షనర్ బేరింగ్ పారేయకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు బ్యాగులో వేసుకురా. ఒకసారి వేలితో తిప్పి చూడాలనుంది.

మావయ్య
ఆటోనగర్, విజయవాడ