కలని కలలా గీయకు

హారికా,

నీ యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టూ, దాంతోపాటు పంపిన బొమ్మలూ చూశాను. "అది అసలే టెన్షన్‌లో ఉంది, కాస్త మెల్లిగా చెప్పరా" అని మీ అమ్మ ముందే ఫోన్ చేసింది గానీ, మెల్లిగా చెబితే నీకు ఎక్కదు, నాకు తెలుసు. హైవే టోల్ గేట్‌లో నైట్ డ్యూటీ చేసే అమ్మాయి, రసీదులు చింపి ఇస్తూ ఇస్తూ తెల్లారుజాముకి ఏది కలో ఏది మెలకువో తెలియని స్థితికి వెళ్లిపోవడం, ఈ ఆలోచన బాగుంది. బొమ్మలే బాగాలేవు. లారీకి రెక్కలు, ఆకాశంలో చేపలు, కారిపోతున్న గడియారం, కళ్లలోంచి పూలు, ఇవన్నీ మొదటి నిమిషంలోనే దించేశావు. వింతలు పేరిస్తే కల అయిపోదమ్మా. పైగా ఇప్పుడు కంప్యూటర్‌కి ఒక వాక్యం టైప్ చేస్తే అలాంటి బొమ్మలు వంద ఇస్తుంది, వాటిని చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర ముసలివాణ్ణయినవాణ్ణి, తర్వాత యానిమేషన్ స్టూడియోలో పనిచేసినా చేసిందల్లా యానిమాటిక్‌లు (గీసిన బొమ్మల్ని వరసగా పేర్చి టైమింగ్ చూసుకునే కచ్చా సినిమాలు) కట్ చేయడమే, కాబట్టి నాకు ఏదైనా కత్తెర వైపు నుంచే కనిపిస్తుంది. ఆ పక్షపాతం ఉందని తెలిసే చదువు. నేను చెప్పేది ఒక్కటే: చూసేవాళ్లు కలలోకి జారేది రెండు షాట్లు కలిసే అతుకు దగ్గర. అక్కడ వాళ్లకు తెలియకుండా గడప దాటించాలి, దాటాక ఎప్పుడు దాటామా అని వెనక్కి చూసుకోవాలి.

జపాన్ యానిమేషన్ దర్శకుడు సతోషి కోన్ సినిమాలు చూశానన్నావు కదా, మళ్లీ చూడు, ఈసారి సౌండ్ మ్యూట్ చేసి, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని. ఆయన 46 ఏళ్లకే, 2010లో పోయాడు, పూర్తి నిడివి సినిమాలు నాలుగే, ఒక టీవీ సిరీస్. కానీ అతుకులు నేర్చుకోవడానికి ఆ నాలుగు చాలు. 'పర్ఫెక్ట్ బ్లూ' (1997)లో హీరోయిన్ మీమా గది గుర్తుంది కదా, మంచం, చేపల తొట్టె, కంప్యూటర్, గోడ మీద పోస్టర్. చాలా మామూలు గది, ఏ అద్దె ఇంట్లోనైనా ఉండేదే. ముందు ఆ గదిని మనకు బాగా అలవాటు చేస్తాడు. తర్వాత ఆమె అదే గదిలో మళ్లీ మళ్లీ నిద్ర లేస్తుంటుంది, లేచిన ప్రతిసారీ ఇంతవరకూ చూసింది కలా అని మనం వెనక్కి లెక్క వేసుకుంటుంటే, నిజమే అనుకున్న సీను ఒకటి చివరికి టీవీ సీరియల్ షూటింగ్ అని తేలుతుంది. ఆ సీరియల్‌లో ఆమె చెప్పాల్సిన డైలాగు "నువ్వెవరు?" అని. దాన్నే పదే పదే ప్రాక్టీస్ చేస్తుంటుంది. ఇందులో రెక్కలున్న లారీ ఎక్కడైనా ఉందా? గది నికరంగా నిలబడింది కాబట్టే మనిషి కదిలిపోయినట్టు అనిపించింది.

కాబట్టి ముందు నీ టోల్ బూత్‌కి కొలతలు వేసి ప్లాన్ గియ్. కుర్చీ ఎక్కడ, కిటికీ ఏ చేతి వైపు, రసీదు మెషిన్, ట్యూబ్‌లైట్, స్టీలు టిఫిన్ బాక్సు, సీసీ కెమెరా స్క్రీన్. ఇప్పుడు ఫాస్టాగ్ స్కాన్ కాని బండ్లే ఆమె కిటికీ దగ్గర ఆగుతాయి కదా, అంటే ఆగిన ప్రతి బండీ ఏదో తేడా ఉన్న బండే, డ్రైవర్ చిరాకులో ఉంటాడు, వెనక హారన్లు. ఇది నీకు దొరికిన అదృష్టం, వాడుకో. వీలైతే ఒక రాత్రి మీ నాన్నని తీసుకుని వెళ్లి దూరంగా కూర్చుని చూడు. కల ఎంత వదులుగా ఉండాలనుకుంటే మెలకువని అంత బిగించి గీయాలి.

కలకీ మెలకువకీ ఒకటే గీత, ఒకటే రంగులు. ఇది నువ్వు ఒప్పుకోవని తెలుసు, ఎందుకంటే కల సీన్లన్నిటికీ నీలం వాష్, అంచుల్లో పొగ అని స్క్రిప్టులోనే రాసుకున్నావు. మన సినిమాల్లో డ్రీమ్ సాంగ్ చూసి చూసి వచ్చిన అలవాటిది. హీరోయిన్ ఇలా కళ్లు మూసుకోగానే అలా స్విట్జర్లాండ్, కొత్త బట్టలు, వెనక యాభై మంది డాన్సర్లు, కల మొదలైందని వెనక బెంచీవాడికి కూడా తెలుస్తుంది. ఆ పాటకి అది సరిపోతుంది, నేనూ అలాంటివి బోలెడు కట్ చేశాను, సరదాగానే ఉండేది. నీకు కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు. బోర్డు పెట్టి కలలోకి రమ్మనకు.

దీనికి మినహాయింపు కూడా ఉంది, చెప్పకపోతే రేపు నువ్వే తెచ్చి నా మొహాన పెడతావు. అమెరికన్ దర్శకుడు లింక్‌లేటర్ తీసిన 'వేకింగ్ లైఫ్' (2001)లో ముందు మనుషులతో వీడియో తీసి, దాని మీద చాలామంది ఆర్టిస్టులు కంప్యూటర్‌లో గీశారు, కాబట్టి గీత ఊగుతూనే ఉంటుంది, గోడలు కూడా ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటాయి. అక్కడది కుదిరింది, ఎందుకంటే మొదటి నుంచి చివరి దాకా మొత్తం ఊగుతుంది, అందులో హీరో కుర్రాడికి మెలకువ దొరకడమే లేదు. లైట్ స్విచ్ వేసి చూడు, లైట్ మారకపోతే నువ్వు కలలో ఉన్నట్టు అని ఒక పరీక్ష చెబుతారు అందులో. కొంచెం ఊపి కొంచెం ఆపితే మాత్రం ఆ పని జరగదు.

ఇప్పుడు అతుకుల సంగతి, అసలైంది ఇదే. కోన్‌దే 'మిలీనియం యాక్ట్రెస్' (2001)లో ముసలి నటి తన జీవితం చెబుతుంటే, ఇంటర్వ్యూ చేయడానికి వచ్చిన ఇద్దరూ ఆమె జ్ఞాపకాల్లోకి, ఆమె నటించిన సినిమాల్లోకి కెమెరాతో సహా దిగిపోతారు. ఆమె పరుగు మొదలుపెడుతుంది, గుర్రం మీద ఒక కాలం, రిక్షాలో ఇంకో కాలం, సైకిల్ మీద మరో కాలం. చుట్టూ అంతా మారిపోతుంది, పరుగు మాత్రం ఆగదు. మన కన్ను కదలికని పట్టుకుని పోతుంది, కదలిక తెగనంతసేపూ వెనకాల దేశం మారినా యుగం మారినా అడ్డు చెప్పదు. 'పాప్రికా' (2006) మొదట్లో డిటెక్టివ్ కల కూడా ఇంతే, సర్కస్ నుంచి అడవికి, అక్కణ్ణుంచి రైలు పెట్టెలోకి, అక్కణ్ణుంచి హోటల్ కారిడార్‌లోకి. ఒక్కో అతుకు దగ్గర ఆపి చూడు, ఏది కొనసాగింది, ఏది మారింది అని రెండు గడులు గీసి రాసుకో. బోర్ కొడుతుంది. అయినా రాయి.

నీ దగ్గర ఇంతకంటే మంచి అతుకు ఉంది, నీకే కనబడలేదు. రెండో పేజీలో, ఆ అమ్మాయి వాళ్ల నాన్న రైల్వే గేట్‌మన్‌గా చేసేవాడని ఒక్క లైన్‌లో పడేసి వెళ్లిపోయావు. టోల్ దగ్గర బారియర్ లేస్తుంది. అదే కోణం, అదే సైజు, అదే వేగంతో ఊళ్లో రైల్వే గేటు లేస్తుంది. మధ్యలో డిజాల్వ్ (ఒక బొమ్మ కరిగి ఇంకోటిగా మారడం) వద్దు, నేరుగా కట్. ట్యూబ్‌లైట్ జుయ్యిమనే శబ్దం మాత్రం ఆపకు, ఊరి సీన్‌లోకి కూడా కాసేపు లాగు, చెవి బూత్‌లోనే ఉండిపోతే కన్ను ఎక్కడికి వెళ్లినా నమ్మకం పోదు. మూడోసారి బారియర్ లేచేసరికి ఇది ఏ గేటో చూసేవాళ్లు చెప్పలేకపోవాలి. ఆ అమ్మాయి రాత్రంతా గేటు ఎత్తుతూ కూర్చున్నది ఎవరి కోసమో అప్పుడు తెలుస్తుంది, ఒక్క మాట కూడా అక్కర్లేదు. నీ చేపలు ఈ పని చేయలేవు.

మాటలతో కూడా జారవచ్చు. 'పాప్రికా'లోనే పరిశోధన సంస్థ పెద్దాయన షిమా, మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ అదే గొంతుతో, అదే హుందాతనంతో అర్థం లేని వాక్యాల్లోకి వెళ్లిపోతాడు, తర్వాత పరుగెత్తి కిటికీలోంచి దూకేస్తాడు. బొమ్మలో ఏ మార్పూ లేదు, అందుకే ఒళ్లు జలదరిస్తుంది. నీ లారీ డ్రైవర్లలో ఒకడికి అలాంటి డైలాగు ఒకటి రాసి చూడు, రేటు అడిగినంత మామూలుగా.

గీసిన బొమ్మకి ఒక సౌకర్యం ఉంది, ఫ్రేములో నువ్వు పెట్టింది తప్ప ఇంకేమీ ఉండదు. కెమెరాతో తీస్తే వెనకాల వైరు, గోడ మీద మరక, ఎవరిదో చెప్పు, అన్నీ పడతాయి, కన్ను అవన్నీ వెతుక్కోవడానికి టైమ్ కావాలి. నీ షాట్‌లో చెయ్యీ రసీదూ మాత్రమే ఉంటే సెకను కూడా అక్కర్లేదు, చదివేస్తారు. కాబట్టి అతుకుల దగ్గర షాట్ల నిడివి నువ్వు అనుకున్నదానికంటే తక్కువ పెట్టు.

లెక్క కూడా చూసుకో. నాలుగు నిమిషాల సినిమా అన్నావు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకి 12, మొత్తం 2,880 బొమ్మలు, అదీ ఒక్క పాత్ర కదిలితేనే. నువ్వూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి గీయాలి. స్క్రిప్టులో పెట్టిన ఆ ఊరేగింపు సీను తీసెయ్, దానికోసం మూడు నెలలు పోతాయి, అసలు సీన్లకి ఓపిక మిగలదు.

సొంత కలలు రాసుకుంటున్నానన్నావు, మంచిదే, లేచిన వెంటనే రాయి, పళ్లు తోముకునేసరికి సగం పోతాయి. కానీ మొత్తం కలని తెచ్చి సినిమాలో పెట్టకు. ఎదుటివాళ్ల కలంత బోర్ కొట్టే సబ్జెక్టు ఇంకోటి లేదు, మీ అత్త పొద్దున్నే చెబుతుంటే నేను పేపర్ అడ్డం పెట్టుకుంటాను. వాటిలోంచి ఒక వస్తువో, ఒక తలుపో, ఎవరో నిలబడ్డ తీరో తీసుకో, చాలు. వస్తువుల పిచ్చి పట్టాలంటే చెక్ దర్శకుడు ష్వాంక్‌మాయర్ తీసిన 'ఆలిస్' (1988) చూడు. అందులో కుందేలు ముద్దొచ్చే గీసిన బొమ్మేం కాదు, ఎండబెట్టి పొట్టు కూరిన నిజం కుందేలు, కుట్టు ఊడి లోపలి రంపపు పొట్టు రాలిపోతుంటుంది. చెయ్యి పెడితే తగులుతుందనిపిస్తుంది, అందుకే అంత భయం.

చివరి పేజీలో "అలారం మోగింది, ఆమె ఉలిక్కిపడి లేచింది" అని ఉంది చూడు, అది కొట్టేయ్. నాలుగు నిమిషాలు నమ్మి కూర్చున్నవాళ్లకి ఇదంతా ఉత్తదే అని చెప్పి పంపించడం అది. డ్యూటీ దిగే టైమ్‌కి షిఫ్ట్ మార్చుకునే మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, ఆమె రసీదుల కట్ట లెక్క అప్పజెబుతుంది, లెక్క ఒక రసీదు తక్కువొస్తుంది. అక్కడ ఆపెయ్యొచ్చు. నీకు ఇంతకంటే మంచిది తోస్తే అదే పెట్టు.

యానిమాటిక్ అయ్యాక మ్యూజిక్ వేయకుండా నాకు పంపు, మ్యూజిక్ ఉంటే బలహీనమైన అతుకులు దాక్కుంటాయి. అంతకుముందే కథ తెలియని వాళ్లెవరికైనా, మీ హాస్టల్‌లో యానిమేషన్‌తో సంబంధం లేని అమ్మాయికి చూపించు. నచ్చిందా అని అడగకు, మొహమాటానికి నచ్చిందనే అంటారు. ఏం జరిగిందో చెప్పమను, ఎక్కడ తడబడిందో రాసుకో. తడబాటు నువ్వు కావాలనుకున్న చోటే ఉంటే వదిలెయ్, వేరే చోట ఉంటే అక్కడ కట్ సరిగా పడలేదని లెక్క. ఫైలు వాట్సాప్‌లో మాత్రం పంపకు, క్వాలిటీ పోతుంది, డ్రైవ్ లింక్ పెట్టు. బూత్ ప్లాన్ కూడా ఫోటో తీసి పెట్టు, ముందు అదే చూస్తాను.

మీ మామయ్య