సంగీతం మీద రాయబోయే బిడ్డకు

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం మానేసి శాస్త్రీయ సంగీతం మీద రాస్తూ బతుకుతానంటున్నావని మీ నాయన ఫోనులో చెప్పినప్పుడు నాకు గర్వమూ గుబులూ ఒక్కసారే కలిగాయి. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దంలో సంస్కృతంలో నృత్తరత్నావళి అనే నృత్యశాస్త్ర గ్రంథం రాస్తే, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు దానిని తెలుగు చేసిన తరువాతనే నావంటివాళ్ళకు అందింది. అటువంటి పని మీద మన ఇంటి పిల్లకు మనసు పోవడం చిన్న సంగతి కాదు. అయితే సమీక్షకు పత్రికలిచ్చే డబ్బుతో ఇంటి కిరాయి వెళ్ళదు. ఉద్యోగం ఇప్పుడే వదలకు, శని ఆదివారాలు రాయి.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే రాగాల, కృతుల గ్రంథాన్ని దగ్గర పెట్టుకో. గురువు దగ్గర కనీసం కచేరీ మొదట్లో పాడే వర్ణాల దాకా పాడటం నేర్చుకో. గొంతు బాగాలేదని సాకు చెప్పకు, నిన్నెవరూ కచేరీకి పిలవడం లేదు.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. నీ తొందర తలచుకుంటేనే నాకు భయం. కచేరీ సమీక్షలు రాసే మిత్రుడొకడు నాకుండేవాడు, మంచి చెవి ఉన్నవాడే. ఒక సాయంత్రం ఇక్కడ ఒక కుర్రవాని కచేరీకి ఆలస్యంగా వచ్చి, రాగాలాపన మధ్యలో కూర్చుని, పత్రికలో పేజీ మూసే వేళ అవుతున్నదని కీర్తన ఎత్తుకోకముందే లేచిపోయాడు. ఆ కుర్రవాడు పాడింది ముఖారి రాగం. అవరోహణలో, అంటే పైనుంచి దిగేటప్పుడు, ముఖారికీ భైరవి రాగానికీ స్వరాలు ఒక్కటే. ఆరోహణలో, అంటే ఎక్కేటప్పుడు, మాత్రం ముఖారి గాంధారాన్ని తాకకుండా రిషభం నుంచి మధ్యమానికి, అంటే గ లేకుండా రి నుంచి మ కు, పోతుంది. మావాడు దిగే సంచారాలు విని భైరవి అనుకున్నాడు. రాగం పేరు తప్పు రాసి ఊరుకున్నా బాగుండేది. గాయకుడు ఎక్కేటప్పుడు గాంధారం వదిలేస్తున్నాడనీ, భైరవి లక్షణం అతనికింకా పట్టుబడలేదనీ రాశాడు. పక్క కుర్చీలో ఎవరిని అడిగినా చెప్పేవారు! సవరణ వారం తరువాత ఒక మూలన రెండు వరుసల్లో వచ్చింది. అప్పటికే ఆ సమీక్ష ఊళ్ళో చేతులు మారింది, మరుసటి నెల పాడించవలసిన సభవారు కుర్రవాని పేరు తీసేశారు. అతని తండ్రి మా ఇంటికి వచ్చి, చాలాసేపు ఏవేవో మాట్లాడి, వెళ్తూ వెళ్తూ, "సారూ, మావానికి నిజంగానే రాగం రాదా?" అని అడిగాడు. ఆ కుర్రవాడు తరువాత నిలదొక్కుకున్నాడు, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాడు. సమీక్షకులంటే మాత్రం నేటికీ ముఖం తిప్పుకుంటాడు.

కనుక మంగళం పాడేదాకా కూర్చో. రాగం మీద అనుమానముంటే కచేరీ అయ్యాక వయొలిన్ వాయించినవారిని అడుగు, అడగడం కుదరకపోతే పేరు రాయకు. మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచేవాళ్ళలో కలిసిపోయి, మరునాడు "మృదంగం చక్కగా సహకరించింది" అని రాశావంటే నాకు కోపం వస్తుంది. త్యాగరాజస్వామి సాహిత్యాన్ని ఎవరు ఎక్కడ విరుస్తున్నారో తెలుగు పిల్లవు గనుక నీకు వెంటనే తెలుస్తుంది. దాని గురించి రాయి, కాని వెక్కిరించకు. గాయకుల ఇంట్లో భోజనం చేయాలనిపిస్తే సమీక్ష అచ్చయిన తరువాత చెయ్యి.

డిసెంబరులో చెన్నైకి వెళ్ళు. మ్యూజిక్ అకాడమీలో ఉదయం జరిగే సోదాహరణ ప్రసంగాలు వదలకు, సాయంత్రం కచేరీల కంటే నీకు అవే ఎక్కువ పనికొస్తాయి. కాజీపేట నుంచి రైలు టికెట్టు ఇప్పుడే తీసుకో. రాత్రి ఎంత ఆలస్యమైనా బసకు చేరగానే ఫోను చెయ్యి, అంతదాకా మీ పెద్దమ్మ నిద్రపోదు, నన్నూ పోనివ్వదు. మొదటి వ్యాసం పత్రికకు పంపే ముందు నాకు పంపు. రాగాల పేర్లు నేను చూస్తాను, విశేషణాలు నువ్వే కొట్టెయ్యి.

మీ పెద్దబాపు