హెర్డ్‌మానియా స్పిక్యూల్స్ స్లైడ్ ఖాళీగా ఎందుకు వస్తుంది, యాంఫియాక్సస్ అడ్డుకోతలు ఎలా గుర్తుపట్టాలి

మీరు ముఖ్యంగా అడిగినవి మూడు. హెర్డ్‌మానియా (ఒకచోట ఉండిపోయే ఆసిడియన్ అనే రకం సముద్రజీవి) ఒంట్లోని సూదుల్లాంటి గట్టి ముక్కలను, అంటే స్పిక్యూల్స్‌ను, మౌంట్ చేస్తే స్లైడులో ఏమీ కనిపించడం లేదు. యాంఫియాక్సస్ (చిన్న చేపలా ఉండే సముద్రజీవి) టి.ఎస్., అంటే అడ్డుకోత, స్లైడ్లన్నీ ఒకేలా ఉన్నాయి. తిరోగమన రూపవిక్రియ, అంటే ఆసిడియన్ డింభకం (లార్వా) తోక లాంటివి పోగొట్టుకుని పెద్ద జీవిగా మారే తీరు, ఎన్నిసార్లు చదివినా వరుస తప్పుతోంది. హైదరాబాద్‌లో బీఎస్సీ జువాలజీ ప్రాక్టికల్స్‌కు కూర్చునే చాలామందికి ఈ మూడే ఎదురవుతాయి. మొదటిదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది కాబట్టి దాన్నుంచే మొదలుపెడతాను.

స్పిక్యూల్స్ అంటే కాల్షియం కార్బొనేట్. సున్నపు ముక్క మీద నిమ్మరసం పిండితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. యాసిడ్ ఎక్కడ తగిలినా బుడగలు వచ్చి కరిగిపోతాయి. యాసిడ్ తగిలే చోట్లు రెండు. ఒకటి, స్పెసిమెన్ ఉన్న జాడీ. ఫార్మలిన్ ఏళ్ల తరబడి అలాగే ఉంటే మెల్లగా ఫార్మిక్ యాసిడ్‌గా మారుతుంది. జాడీలోకి నీలి లిట్మస్ కాగితం ముంచి చూడండి. ఎర్రబడితే ఆ స్పెసిమెన్‌లో స్పిక్యూల్స్ సగానికి సగం పోయి ఉండొచ్చు, వేరే జాడీ అడగండి. కొత్త స్పెసిమెన్ దాచుకునేటప్పుడు ఫార్మలిన్‌లో బోరాక్స్ కలిపితే ఈ గొడవ ఉండదు. రెండోది రంగు వేయడం. బోరాక్స్ కార్మైన్ వేసి, ఎక్కువైన రంగు తీయడానికి యాసిడ్ ఆల్కహాల్‌లో ముంచుతారు. మెత్తటి కణజాలపు మౌంటింగ్‌లకు అది సరైన పద్ధతే. స్పిక్యూల్స్‌కు మాత్రం వద్దు. అసలు వీటికి రంగే అక్కర్లేదు.

ఇక చేసే పద్ధతి. పైనున్న తోలులాంటి టెస్ట్‌ను ఒలిచి, దాని కింద ఉండే శరీర కుడ్యం, అంటే మాంటిల్, నుంచి సుమారు ఒక సెంటీమీటరు చదరపు ముక్క కోయండి. సైఫన్ల (నీళ్లు వచ్చిపోయే గొట్టాల) దగ్గరి మాంటిల్ మందంగా ఉంటుంది, అక్కడ తీసుకుంటే మంచిది. పెద్ద స్పిక్యూల్స్ కోసం టెస్ట్ ముక్క వేసి ఉడికించేవాళ్లు చాలామంది. టెస్ట్‌లో ఉండేది ట్యూనిసిన్, అంటే సెల్యులోజ్. క్షారంలో ఎంత కాచినా అది పూర్తిగా కరగదు, జిగురుముద్దలా మిగులుతుంది.

కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం) పది శాతం ద్రావణం కావాలి. 10 గ్రాముల బిళ్లలను కొంచెం నీళ్లలో వేసి కరిగించి 100 మి.లీ.కి తేవాలి. బిళ్లలను నీళ్లలో వేయాలి తప్ప, బిళ్లల మీద నీళ్లు పోయకూడదు. వేడెక్కి చిమ్ముతుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే బిళ్లలు తేమ పీల్చి ముద్దవుతాయి. అలాంటివాటితో 10 గ్రాములు తూచినా ద్రావణం పలచనే. టెస్ట్‌ట్యూబ్‌లో 5 మి.లీ. పోసి, ముక్క వేసి, వేణ్నీళ్ల గిన్నెలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. నేరుగా మంట మీద పెడితే ఒక్కసారిగా పొంగి మీదికి ఎగరొచ్చు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, ట్యూబ్ మూతి ఎవరి వైపూ ఉండకూడదు. కండ కరిగిపోయాక ట్యూబ్‌ను కదపకుండా నిలబెడితే అడుగున తెల్లగా, సన్నని ఇసుకలా పేరుకుంటుంది. మీకు కావాల్సింది అదే.

పైనున్న ద్రావణాన్ని డ్రాపర్‌తో తీసేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి, మళ్లీ పేరుకోనివ్వండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. ఇక్కడే మన ఊరి బోరునీళ్లు దెబ్బ కొడతాయి. మన బోరునీళ్లలో లవణాలు ఎక్కువ. వాటితో క్షారం కలిపినా, కడిగినా తెల్లటి అవక్షేపం పడుతుంది. అది స్పిక్యూల్స్‌తో కలిసిపోయి స్లైడంతా బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. కడగడం తక్కువైతే ఇంకో మోసం. మిగిలిన క్షారం ఆరిపోయి సూదుల్లాంటి స్ఫటికాలు కడుతుంది, వాటినే చూసి బొమ్మ గీసేస్తుంటారు. అనుమానం వస్తే పక్కన ఒక చుక్క నీరు వేయండి. క్షారపు సూదులు కరిగిపోతాయి, స్పిక్యూల్స్ కదలవు.

తర్వాత 70, 90, సంపూర్ణ ఆల్కహాల్‌లో మూడేసి నిమిషాలు, జైలీన్‌లో ఒకసారి, చివరికి డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు). పరీక్ష హాల్లో టైమ్ లేకపోతే గ్లిజరిన్ చాలు. డ్రాపర్ మూతి వెడల్పుగా ఉండాలి. పెద్ద స్పిక్యూల్స్, అంటే మెగాస్క్లియర్లు, ఒకటిన్నర నుంచి రెండున్నర మి.మీ. పొడవు ఉంటాయి, సన్న మూతిలో విరుగుతాయి. చూసేటప్పుడు తక్కువ పవర్‌లో, డయాఫ్రమ్ సగం మూసి చూడండి. వెలుతురు పూర్తిగా వదిలితే రంగు లేని స్పిక్యూల్ కంటికి ఆనదు. ‘స్లైడ్ ఖాళీ’ అనేవాళ్లలో కొందరికి స్లైడ్ నిండుగానే ఉంటుంది, లైట్ తగ్గించరంతే.

మెగాస్క్లియర్లు కదురు ఆకారంలోనూ, పిపెట్‌లా మధ్యలో ఉబ్బుతోనూ రెండు రకాలు. ఒంటినిండా ముళ్లు వలయాలుగా పేర్చి ఉంటాయి. టెస్ట్ రక్తనాళాల్లో ఉండే మైక్రోస్క్లియర్లు మి.మీ.లో పదో వంతు కూడా ఉండవు. అవి కావాలంటే టెస్ట్‌ను బ్లేడుతో వీలైనంత పలచగా కోసి, కాచకుండానే గ్లిజరిన్‌లో పెట్టి నాళాల వెంట వెతకండి.

యాంఫియాక్సస్ విషయానికొస్తే, స్లైడ్ చూడగానే పృష్ఠవంశం (నోటోకార్డ్), నాడీదండం, కండరాలు వెతకొద్దు. అవి అన్ని కోతల్లోనూ ఉంటాయి, వాటితో స్థానం తేలదు. కింది సగం చూడండి. లోపల వరసగా నిచ్చెన మెట్లలా కోసిన మొప్పకడ్డీలు ఉంటే గ్రసని (గొంతు భాగం). చీలికలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టే ఒక్క కోతలో అన్ని కడ్డీలు పడతాయి. చుట్టూ ఏట్రియం అనే ఖాళీ, కింద రెండు మూలల్లో మెటాప్లూరల్ మడతలు, పక్కల నుంచి ఉబ్బుకొచ్చిన బీజకోశాలు. వాటిలో పెద్ద గుండ్రటి కణాలు, మధ్యలో కేంద్రకం స్పష్టంగా ఉంటే ఆడది. సన్నటి పొడిలా కనిపిస్తే మగది. కడ్డీలు లేకుండా ఏట్రియం, మడతలు మాత్రం ఉంటే పేగు ప్రాంతం. ఏట్రియమూ మడతలూ కూడా లేకుండా కింద రెక్క ఒక్కటే ఉంటే తోక వైపు. గ్రసని, ఏట్రియం, బీజకోశాలు ఏవీ లేకుండా విశాలమైన ఖాళీ, దాని అంచున సిర్రైల (నోటి చుట్టూ ఉండే పోగుల) కోతలు కనిపిస్తే ముఖకవచం.

గ్రసని కోతలో ఒక పక్కన ఇంకో గొట్టం ఉంటుంది. దాన్ని పేగు అని రాసేవాళ్లే ఎక్కువ. అది కాలేయ అంధనాళం, ఎప్పుడూ జంతువు కుడివైపే ఉంటుంది. మీ స్లైడులో ఎడమ చేతి వైపు కనిపిస్తే కంగారు పడకండి. మీరు కోతను తల వైపు నుంచి చూస్తున్నారని అర్థం. దిక్కు తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

రూపవిక్రియ వరస తప్పడానికి కారణం ‘కోల్పోయేవి, కొత్తగా వచ్చేవి’ అని రెండు పట్టికలు బట్టీ పట్టడం. ఆసిడియన్ డింభకం పని ఒక్కటే, స్థలం వెతుక్కోవడం. అది తినదు, నోరు ఇంకా తెరుచుకోదు. ఈదడానికి తోక, తోకను నిలబెట్టడానికి పృష్ఠవంశం (సయోనా అనే ఆసిడియన్ డింభకంలో సరిగ్గా 40 కణాలు), వెలుతురు తెలియడానికి ఓసెల్లస్, కిందూమీదూ తెలియడానికి ఓటోలిత్, అతుక్కోవడానికి ముందు మూడు పాపిల్లాలు. స్థలం దొరికి తలకిందులుగా అతుక్కోగానే వీటిలో దేనితోనూ పని లేదు. తోక లోపలికి ముడుచుకుపోతుంది, భక్షకకణాలు పృష్ఠవంశాన్నీ తోక కండరాలనూ తినేస్తాయి, నాడీనాళంలో ఒక నాడీసంధి, నాడీగ్రంథి మాత్రం మిగులుతాయి. తర్వాత పాపిల్లాలకూ నోటికీ మధ్య భాగం వేగంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల నోటిని అతుక్కున్న చోటు నుంచి దూరంగా, పైకి తోసేస్తుంది. శరీరం తిరిగిందని పుస్తకంలో రాసేది దీన్నే. అప్పుడు నోరు తెరుచుకుంటుంది, మొప్పచీలికల సంఖ్య పెరుగుతుంది, తిండి మొదలవుతుంది. బీజకోశాలు ఆ తర్వాతే. బొమ్మ గీసేటప్పుడు నాలుగు దశల్లోనూ నోటి దగ్గర బాణం గుర్తు పెడితే వరస తప్పదు.

వైవాలో (మౌఖిక పరీక్షలో) ‘ఇది కార్డేట్, అంటే పృష్ఠవంశం ఉన్న వర్గానిది, అని ఎలా తెలిసింది’ అంటే జవాబు ఈ డింభకమే. 1866లో రష్యన్ జంతుశాస్త్రవేత్త కొవాలెవ్‌స్కీ దాన్ని పరిశీలించేదాకా ఆసిడియన్లను మొలస్కుల (నత్తల వర్గం) పక్కన పెట్టేవారు. అందరూ తోక పోగొట్టుకుంటారా అని అడిగితే లేదు అనండి. ఆసిడియన్ల బంధువులైన ఆయికోప్లూరా లాంటి లార్వేసియన్లు జీవితాంతం తోకతోనే ఉంటాయి. సాల్పా అనే మరో బంధువులో అసలు తోక డింభకమే లేదు. ఒంటరి తరం మొగ్గలు తొడిగి గొలుసు తరాన్ని, గొలుసు తరం లైంగికంగా మళ్లీ ఒంటరి తరాన్ని ఇస్తుంది.

చివరగా, ఇవి హుస్సేన్‌సాగర్‌లో దొరుకుతాయా అని కూడా అడిగారు. ఇవన్నీ సముద్రజీవులే, మంచినీటిలో ఒక్కటి కూడా లేదు. బతికున్న ఆసిడియన్లను చూడాలంటే విశాఖ వెళ్లినప్పుడు జెట్టీ స్తంభాలు, పడవల అడుగుభాగాలు గమనించండి. తాకితే నీళ్లు చిమ్ముతాయి.