రీలు ఎక్కించే ముందు: పాత ప్రొజెక్టర్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఫిలిం ప్రొజెక్టర్ల మీదే ఉన్నాయి. కొందరికి మెషిన్ చేతికొచ్చింది గానీ ఎలా నడపాలో తెలీదు, కొందరికి మెషిన్ లేదు గానీ ఆ టకటక చప్పుడు మీద బెంగ. అందరికీ ఒకేచోట చెప్పేస్తున్నా. ముందే ఒక మాట, మెషిన్ పాడైతే ఇంకోటి వెతుక్కోవచ్చు, ఇంట్లో తీసుకున్న రీలు చిరిగితే దానికి రెండో కాపీ ఉండదు, కాబట్టి కింద ప్రతి జవాబులోనూ నేను ఫిలిం పక్షమే మాట్లాడతా, విసుక్కోకండి.

ప్రశ్న: మా తాతయ్య వాడిన ప్రొజెక్టర్ అటక మీద దొరికిందండీ, పక్కనే డబ్బాలో చిన్న చిన్న రీళ్లు కూడా ఉన్నాయి. అమ్మ పెళ్లి రీలు కూడా అందులోనే ఉందట. ప్లగ్గు పెట్టి చూసేయొచ్చా?

వద్దమ్మా, ప్లగ్గు జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఆ రీలు ఏ రకమో తేల్చుకోండి. చిన్న రీళ్లంటున్నారు కాబట్టి 8 ఎంఎం, అంటే 8 మిల్లీమీటర్ల వెడల్పు ఫిలిం అయ్యుంటుంది, అందులో మళ్లీ రెండు రకాలు. 1932లో వచ్చింది రెగ్యులర్ 8, 1965లో వచ్చింది సూపర్ 8. వెడల్పు రెండిటికీ ఒకటే గానీ చిల్లులు వేరు. ఫిలింని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి, రెగ్యులర్ 8లో చిల్లు పెద్దగా ఉంటుంది, రెండు బొమ్మల మధ్య గీత దగ్గర పడుతుంది. సూపర్ 8లో చిల్లు సన్నగా, ఒక్కో బొమ్మకి సరిగ్గా నడిమి పక్కన ఉంటుంది, చిల్లు చిన్నది చేయబట్టే అదే ఫిలిం మీద బొమ్మకి ఎక్కువ చోటు దొరికింది. రీలు మధ్యలో ఉండే కన్నం కూడా సూపర్ 8కి బాగా పెద్దది. ఒకదాని మెషిన్‌లో ఇంకోటి పెట్టారంటే పళ్లు చిల్లుల్లో కూర్చోవు, చిల్లులు వరసగా చీరుకుంటూ పోతాయి. కొన్ని మెషిన్లు రెండూ ఆడిస్తాయి, వాటికి మార్చుకునే స్విచ్ ఉంటుంది, దాన్ని సరైన వైపు పెట్టుకోవాలి.

అది తేలాక మెషిన్ సంగతి. వెనక గానీ అడుగున గానీ వోల్టేజీ మార్చే మీట ఉంటుంది, అది మీ ఇంటి కరెంటుకి సరిపోయేలా ఉందో లేదో చూడండి. కవర్ తీసి బెల్టు ముట్టుకోండి, రబ్బరు ముదిరితే గట్టిపడి పగులుతుంది, లేదంటే తారులా కరిగి చేతికి అంటుకుంటుంది, ఎలా ఉన్నా మార్చాల్సిందే. తర్వాత ముందువైపు చేత్తో తిప్పే నాబ్ ఉంటే దాన్ని నెమ్మదిగా తిప్పండి, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న గ్రీజు లోపల మైనంలా పట్టేసి ఉంటుంది, బిగుసుకుపోతే బలవంతం చేయకండి, లోపల ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగిందంటే ఇక దానికి స్పేర్ దొరకదు. హాయిగా తిరిగితే అప్పుడు ప్లగ్గు పెట్టి, ఫిలిం లేకుండా, ల్యాంప్ వేయకుండా, ఉత్త మోటారు కాసేపు నడిపి మాడు వాసన వస్తుందేమో చూడండి. ల్యాంప్ మార్చాల్సొస్తే హాలోజన్ బల్బు గాజుని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగులుతుంది, గుడ్డతో పట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా అమ్మ పెళ్లి రీలు పెట్టకండి! ఎందుకూ పనికిరాని ఫిలిం ముక్క ఏదైనా సంపాదించి దాన్నే ముందుకీ వెనక్కీ ఆడించి, ఎక్కడా గీత పడట్లేదని, చిల్లు చీరుకోవట్లేదని చేతిలోకి తీసుకుని చూశాక అప్పుడు.

ప్రశ్న: 16 ఎంఎం సౌండ్ ప్రొజెక్టర్ కొన్నా. ఫిలిం నేనే ఎక్కిస్తున్నా, మొదట బాగానే ఉంటుంది, కాసేపటికి బొమ్మ కిందా మీదా కొట్టేసుకుంటోంది. ఇంకోసారి బొమ్మ బాగుంది గానీ మాట పెదాల తర్వాత వస్తోంది. మెషిన్ పోయిందా?

మెషిన్ పోలేదండీ, మీకు లూపు కుదరట్లేదు. రెండు జబ్బులకీ మూలం అదే.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. లెన్స్ వెనక ఫిలిం మీద వెలుగు పడే కిటికీని గేటు అంటాం. ఫిలిం ఆ గేటులోంచి జారుతూ పోదు, ఆగి ఆగి పోతుంది. ఒక బొమ్మ గేటులో కదలకుండా నిలబడాలి, వెలుగు పడాలి, షట్టర్ రెక్క అడ్డం రావాలి, ఆ చీకట్లో ఫిలిం ఒక బొమ్మ కిందకి దిగాలి, మళ్లీ నిలబడాలి, ఇదంతా సెకనుకి 24 సార్లు. 16 ఎంఎంలో ఈ లాగే పని చేసేది క్లా అనే చిన్న పంజా, ఒకప్పుడు హాళ్లలో ఉండే 35 ఎంఎం మెషిన్‌లో అయితే మాల్టీస్ క్రాస్ అని నాలుగు గాళ్లున్న చక్రం, పక్కన పిన్ను ఒక చుట్టు తిరిగితే ఇది పావు చుట్టు తిరిగి ఆగుతుంది. కానీ గేటుకి పైనా కిందా ఉన్న స్ప్రాకెట్లు, అంటే ఫిలింని లాగే పళ్లచక్రాలు, మాత్రం ఆగకుండా ఒకే వేగంతో తిరుగుతుంటాయి. ఒకటి ఆగకుండా పోయేది, ఇంకోటి ఆగి ఆగి పోయేది, రెండిటి మధ్యా ఫిలిం బిగుసుకుని తెగిపోకుండా కాపాడేది ఆ వదులుగా వదిలిన వంపే, దాన్నే లూపు అంటాం. గేటుకి పైన ఒకటి, కింద ఒకటి.

ఎక్కడో చిరిగిన చిల్లో, సరిగ్గా అతకని అతుకో వచ్చినప్పుడు పంజా ఒక బొమ్మని లాగలేక వదిలేస్తుంది, దాంతో కింది లూపు కొంచెం కొంచెంగా తగ్గి మాయమైపోతుంది, ఇక కింది స్ప్రాకెట్ నేరుగా గేటులోని ఫిలింనే లాగుతుంది. అదే మీ బొమ్మ కొట్టుకోవడం. అప్పుడు ఇంకా కాసేపు చూద్దాంలే అని అలా వదిలేస్తే చిల్లులన్నీ పోతాయి, వెంటనే ఆపాలి. చాలా మెషిన్లకి లూపు తిరిగి పుట్టించే మీట ఉంటుంది, ఒక్కసారి నొక్కితే చాలు. మళ్లీ మళ్లీ నొక్కాల్సొస్తోందంటే లోపం ఫిలింలో ఉందని అర్థం, తీసి చిల్లులు చూడండి.

ఇక మాట ఆలస్యం. 16 ఎంఎంలో ఒక బొమ్మకి చెందిన శబ్దం ఆ బొమ్మ పక్కన ఉండదు, 26 ఫ్రేములు (ఫ్రేము అంటే ఒక్కో బొమ్మ) ముందు అచ్చయి ఉంటుంది, ఎందుకంటే గేటులో ఫిలిం కుదుపులతో పోతుంది, శబ్దం చదవాలంటే ఫిలిం నున్నగా పోవాలి, అందుకని శబ్దం చదివే చోట ఫిలిం చుట్టుకుని పోయే సౌండ్ డ్రమ్ము కిందెక్కడో పెట్టారు. అంటే గేటు నుంచి డ్రమ్ముదాకా ఫిలిం దారి సరిగ్గా 26 ఫ్రేములుండాలి, ఆ పొడవుని నిర్ణయించేది మీరు వదిలే కింది లూపు. లూపు పెద్దగా వదిలితే మాట ఆలస్యం, చిన్నగా వదిలితే మాటే ముందొస్తుంది. ఒకటి రెండు ఫ్రేములు తేడా వస్తే ఎవరికీ తెలీదు, నాలుగైదు దాటితే కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డ్రమ్ము చుట్టూ ఫిలిం బిగువుగా పట్టి ఉందా లేదా అన్నది కూడా చూడండి, అక్కడ వదులుంటే పాట సాగుతూ వణుకుతూ వస్తుంది.

ఎక్కించేటప్పుడు ఈ వరస పాటించండి. ఫిలిం కొస కత్తెరతో నీటుగా కత్తిరించండి. పై స్ప్రాకెట్ మీద చిల్లులు పళ్లలో కూర్చున్నాయని వేలితో తడిమి చూసి అప్పుడే క్లాంపు మూయండి. గేటు తెరిచి, మెషిన్ ఒంటి మీద లూపు ఎంత ఉండాలో గీత గీసి ఉంటుంది, దాన్ని బట్టి పై లూపు వదిలి, ఫిలిం అంచులు గాడిలో పడ్డాక గేటు మూయండి. కింది లూపు, డ్రమ్ము, కింది స్ప్రాకెట్, చివర ఖాళీ రీలు. ఇప్పుడు మోటారు వేయకుండా ఆ చేతి నాబ్‌నే కొన్ని చుట్లు తిప్పుతూ రెండు లూపుల్నీ చూడండి, పెరిగి తగ్గి మళ్లీ అదే సైజుకి రావాలి. వస్తేనే మోటారు, మోటారు స్పీడ్ అందుకున్నాకే ల్యాంప్. నిలబడ్డ ఫిలిం మీద ల్యాంప్ వేస్తే ఆ బొమ్మ నడిమధ్యన బుడగలు లేచి కరిగిపోతుంది. ఆపేటప్పుడు ఈ వరస తిరగేసి, ముందు ల్యాంప్, తర్వాత మోటారు, ఫ్యాన్ మాత్రం ల్యాంప్ చల్లారేదాకా తిరగనివ్వండి.

ఆటోమేటిక్‌గా ఎక్కించుకునే మోడల్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు కదా అని మీకు అనిపించొచ్చు. నాకైతే అవి నచ్చవు. కొస కొంచెం వంగి ఉన్నా లోపల ముడతలు పెట్టేస్తాయి, కొన్నిట్లో సగంలో ఫిలిం బయటికి తీయాలంటే మెషిన్ విప్పినంత పని.

ప్రశ్న: నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. హాల్లో సినిమా నడుస్తుంటే తెర మీద కుడివైపు పై మూలన ఒక చుక్క తళుక్కుమనేది, కాసేపాగి ఇంకోటి. వెనక గదిలో ఏదో అలికిడి. అదేంటో ఇన్నేళ్లూ ఎవరినీ అడగలేదు. కార్బన్ ఆడించేవాళ్లనీ విన్నాను.

చాలామంది చూసి ఉంటారు గానీ పట్టించుకోరండీ, మీరు పట్టుకున్నారు. ఆ చుక్క మీకోసం కాదు, ఆపరేటర్ కోసం. 35 ఎంఎం ఫిలిం నిమిషానికి 90 అడుగులు పోతుంది, 2000 అడుగుల పెద్ద రీలైనా 22 నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి గదిలో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కనే ఉండి ఒకటి ఆడుతుంటే ఇంకోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచేవాళ్లు. రీలు అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు మొదటి చుక్క పడితే రెండో మెషిన్ మోటారు వేయాలి, చివరి సెకనులో రెండో చుక్క పడగానే వెలుగూ శబ్దమూ ఇటు నుంచి అటు మార్చాలి. ఒక్కో చుక్క నాలుగు ఫ్రేములే, అంటే సెకనులో ఆరో వంతు, రెప్ప వేస్తే పోయింది. రీలు మొదట్లో 8, 7, 6 అని అంకెలు తగ్గుతూ వచ్చే ముక్క ఉంటుంది చూశారా, దాన్ని ఏ అంకె దగ్గర గేటులో పెట్టి ఉంచాలన్నది ఆ మోటారు ఎంత త్వరగా స్పీడ్ అందుకుంటుందో దాన్ని బట్టి ఆపరేటర్ తన చేతి అలవాటుతో కుదుర్చుకునేవాడు. బాగా చేస్తే హాల్లో ఎవరికీ తెలిసేది కాదు, తేడా వస్తే మాత్రం హాలంతా ఈలలే.

కార్బన్ అంటే రెండు కడ్డీలు, కొసలు ఒకదానికొకటి తాకించి దూరం జరిపితే మధ్యలో మంట పుట్టి కళ్లు చెదిరే తెల్లటి వెలుగొస్తుంది, వెనక ఉన్న పెద్ద అద్దం దాన్ని గేటు మీదకి పంపిస్తుంది. పేచీ ఏంటంటే కడ్డీలు కాలుతూ పొట్టిబడతాయి, మధ్య దూరం పెరిగితే వెలుగు పడిపోతుంది, తెర రంగు మారుతుంది. అందుకే ఆపరేటర్ నల్లద్దంలోంచి ఆ మంటని చూసుకుంటూ, నాబ్ తిప్పుకుంటూ కూర్చునేవాడు, ఆ పొగ బయటికి పోవడానికి ల్యాంప్ హౌస్ పైన గొట్టం ఉండేది. 1950ల నుంచి జెనాన్ బల్బు వచ్చి మెల్లగా కార్బన్‌ని పక్కకి నెట్టింది, ఆ తర్వాత సినిమా మొత్తం ఒకే పెద్ద పళ్లెం మీద చుట్టేసే ప్లాటర్ వచ్చి చుక్కల పనీ పోయింది. జెనాన్ గురించి ఒక హెచ్చరిక, ఆ బల్బు ఆరిపోయి చల్లగా ఉన్నా లోపల గ్యాసు ఒత్తిడి మీదే ఉంటుంది, పాత మెషిన్లు సేకరించేవాళ్లు ముఖానికి షీల్డు లేకుండా దాన్ని విప్పకండి, పేలితే గాజు ముక్కలు కళ్లలోకే వస్తాయి.

పాత బొమ్మ అనగానే నిలువు గీతలు కూడా తలుచుకుని మురిసిపోతుంటారు కొందరు. ఆ గీతలు ఫిలింతో పుట్టినవి కావు, శుభ్రం చేయని రోలర్లూ గేటూ గీకి పెట్టినవి. తలుచుకోవాలంటే ఆ చప్పుడుని తలుచుకోండి, గీతల్ని కాదు!

ప్రశ్న: డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంటోంది. ఆడించొచ్చా?

అది ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిలిం కుళ్లుతున్న వాసన, మొదలయ్యాక ఆపడం కుదరదు, నెమ్మదింపజేయడమే. ఆ ఆవిరి పక్క రీళ్లకీ చెరుపు చేస్తుంది, ముందు వేరు చేయండి, తేమ లేని చల్లటి చోట పెట్టండి. ఆడించే ముందు కుంచించుకుపోయిందేమో చూడాలి, కొత్త ఫిలిం ముక్క పక్కన పెట్టి చిల్లుకి చిల్లు కలిపి 100 చిల్లులు లెక్కపెట్టండి, చివర్లో ఒక చిల్లు తేడా వచ్చిందంటే ఒక శాతం కుంచించినట్టే, దాన్ని ప్రొజెక్టర్‌లో పెట్టకుండా స్కానింగ్‌కి ఇచ్చేయండి. ఇంకో సంగతి, 35 ఎంఎం రీలై 1950ల మొదటికి ముందుదైతే అంచు మీద సేఫ్టీ అని అచ్చయి ఉందో లేదో చూడండి, లేకపోతే అది నైట్రేట్ అనే ఇట్టే మండిపోయే పాతకాలం ఫిలిం కావొచ్చు. నైట్రేట్ అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, అది ఇంట్లో ఉంచుకునే వస్తువే కాదు, ఫిలిం ఆర్కైవ్ వాళ్లకి కబురు పెట్టండి.

ప్రశ్న: గోడకి ఎంత దూరంలో పెడితే ఎంత బొమ్మ?

దూరాన్ని గేటులోని బొమ్మ వెడల్పుతో గుణించి లెన్స్ మీద రాసిన ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 16 ఎంఎం గేటు దాదాపు 9.6 మిల్లీమీటర్లు, 50 ఎంఎం లెన్స్ అయితే 5 మీటర్ల దూరానికి మీటరు కంటే కాస్త తక్కువ బొమ్మ. పెద్దగా కావాలని వెనక్కి జరిగితే వెలుగు పలచబడుతుంది, గది ఎంత చీకటి చేయగలరో చూసుకుని జరపండి.

ప్రశ్న: గోడ మీద ఆడిస్తూ ఫోన్‌తో రికార్డ్ చేస్తే బొమ్మ మినుకుమినుకుమంటోంది, ఏం చేయాలి?

షట్టర్ కొట్టే లెక్కా ఫోన్ లెక్కా కలవక అలా అవుతోంది. మూడు రెక్కల షట్టరున్న 8 ఎంఎం మెషిన్ సెకనుకి 18 ఫ్రేములు ఆడిస్తే వెలుగు 54 సార్లు పడుతుంది, ఫోన్ 30 ఫ్రేములు తీస్తుంది, ఎక్కడ కలుస్తాయి చెప్పండి. మీ మెషిన్‌కి స్పీడ్ తగ్గించి పెంచే నాబ్ ఉంటే 20 దగ్గర పెట్టండి, 60 సార్లు అవుతుంది, 30కి సరిగ్గా రెట్టింపు, మినుకు పోతుంది, మనుషులు కాస్త హడావుడిగా నడుస్తారంతే. ఫోన్‌లో 25 పెట్టుకునే వీలుంటే స్పీడ్ 16, 17 మధ్యకి దించినా కుదురుతుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయడం మర్చిపోకండి. ఇది చుట్టాలకి పంపుకోవడానికి సరిపోతుంది గానీ దాచుకోవడానికి కాదు, దానికి ఒక్కో ఫ్రేమూ విడిగా తీసే స్కానింగే చేయించండి. చేయించాక కూడా రీలు పారేయొద్దు, ఇంకో పదేళ్లకి ఇంతకంటే మంచి స్కానర్ వస్తే అప్పుడు మళ్లీ ఆ రీలే కావాలి.